నీలం కన్నంలో త్రేనా గొంతు

మా మెట్ల వరసలో ఉండే కోస్తదింకా, అదే మేం పిలిచే దింకా, కోపంగా వస్తోందంటే కింద తలుపు దగ్గరే తెలిసిపోతుంది. ఆ ఇనప తలుపుని ఆమె మూయదు, వెనక్కి విసురుతుంది. ఆ సెప్టెంబరు సోమవారం తలుపు చప్పుడుకి నా వంటింటి కిటికీ అద్దాలు గలగలలాడాయి. స్టవ్వు ఆర్పేసి మెట్ల మీదికి వచ్చాను. రాకుండా ఎలా ఉంటాను? పెర్నిక్‌లో ఈ బ్లాకు కట్టినప్పటి నుంచీ ఈ మెట్ల వరసకి పెద్దని నేనే. బల్బు మాడినా, పైపు కారినా, మొగుడూ పెళ్ళాలు అరుచుకున్నా నా తలుపే తడతారు. తట్టకపోతే నేనే వెళ్ళి వాళ్ళ తలుపు తడతాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ, ఏమిటీ, ఎందుకూ అని అడగడం మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

"ఏమైందే దింకా?"

"ఇవ్వదట!"

"ఎవరు? ఏమిటి?"

"ఆ కళామందిరం మహారాణి! మా గొంతు మాకివ్వదట, వదినా!"

లోపలికి లాక్కొచ్చి, ఉప్పేసిన మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టాక గానీ సంగతి బయటికి రాలేదు. ఇరవై ఏళ్ళ కిందట కొండమీది తిరనాళ్ళలో దింకా, ఆమె స్నేహితురాలు త్రేనా కలిసి పాడారు. అప్పుడెవరో వీడియో తీశారు. ఆ టేపు ఇన్నాళ్ళకి కళామందిరం బీరువాలో దొరికింది. మా ఊరి కేబుల్ ఛానల్ వాళ్ళు శనివారం సాయంత్రం ఐదింటికి దాన్ని ఒకే ఒక్కసారి వేస్తారట. దింకా వెళ్ళి నాకో కాపీ ఇమ్మని అడిగింది. డైరెక్టరమ్మ జ్లాత్కోవా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, టేపు ఒక్కటే ఉంది, విడి మనుషులకి ఇవ్వడానికి నిబంధన లేదు అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "అయినా శనివారం తర్వాత ఆ పాటని అలాగే ఎవరూ వెయ్యరమ్మా. కింద వయొలిన్లు, డ్రమ్ములు పెట్టి కొత్తగా చేయిస్తున్నాం. మీ రెండు గొంతులూ ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి, ఈ కాలం జనం చెవులు నొప్పెడతాయి" అని కూడా అందట.

"గీరుకుంటున్నాయట!" అంటూ దింకా గ్లాసు బల్ల మీద కొట్టింది. "ఆ గీరుడు కోసమే మా అమ్మ నన్ను చిన్నప్పుడు చెవి మెలిపెట్టి నేర్పింది."

దింకాకి పంతం కొత్త కాదు. పదిహేడేళ్ళప్పుడు కొండ ఊరి నుంచి దిగి ఉక్కు కర్మాగారంలో చేరింది. పెద్ద క్రేన్ మీదికి ఆడవాళ్ళని ఎక్కించనని ఫోర్‌మన్ అన్నాడు. భోజనం వేళ అందరూ కింద సూప్ తాగుతుంటే ఈమె నిచ్చెన ఎక్కి క్యాబిన్‌లో కూర్చుని, లోపలి నుంచి గడియ పెట్టేసుకుంది. దిగమని ఫోర్‌మన్ కింద నుంచి అరిచాడు. పని ఇస్తే గానీ దిగనని ఈమె పైనుంచి అరిచింది. పెన్షన్ వచ్చేదాకా మళ్ళీ దిగలేదు. ఆ క్రేన్ కింద కొక్కేలకి బరువులు తగిలించే పని త్రేనాది. కొలిమి హోరులో మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని కింద నుంచి త్రేనా చేతులతో చెప్పేది, పైనుంచి దింకా చేసేది. అరచెయ్యి పైకి ఊపితే పైకెత్తు, కిందికి నొక్కితే దించు, పిడికిలి బిగిస్తే ఆపు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ చేతులని నమ్ముకునే టన్నుల ఇనుముని మనుషుల నెత్తిమీద తిప్పారు. పని అయ్యాక కొండమీది తిరనాళ్ళకి వెళ్ళి పాడేవారు. పాటలో ముందు గొంతు త్రేనాది. దాని కిందే, ఆనుకుని నిలబడే గొంతు దింకాది.

రెండేళ్ళ కిందట చలికాలంలో త్రేనా గొంతుకి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు గాలి కారినట్టు గుసగుసగా మాట్లాడుతుంది, అదీ దగ్గరగా కూర్చుంటేనే వినపడుతుంది. ఆమె పాడిన పాట ఎవరి దగ్గరా లేదు. ఈ లోకంలో త్రేనా గొంతు మిగిలింది ఆ బీరువాలోని టేపులో మాత్రమే. శనివారం దాటితే దాని మీద వయొలిన్లు ఎక్కుతాయి.

"ఇవ్వకపోతే పోనీ. ఐదింటికి నా టీవీలోకి వాళ్ళే పంపుతారు కదా? నేను అక్కడే పట్టుకుంటాను" అంది దింకా.

పట్టే యంత్రం ఆమె ఇంట్లోనే ఉంది. అల్లుడు అసేన్ ఆ వేసవిలో కంప్యూటర్ కొన్నాడు. అందులో టీవీని పట్టుకునే కార్డు ఒకటి పెట్టించాడు. కేబుల్ వైరు ఆ కార్డులోకి వెళుతుంది, బొమ్మ లోపలికి చేరుతుంది. శబ్దం మాత్రం కార్డు వెనక నుంచి చిన్న వైరులో బయటికి వచ్చి, కంప్యూటర్ వెనకే ఉన్న మరో కన్నంలోకి దూరుతుంది. ఇదంతా ఆ కార్డు వచ్చిన రోజే నేను అతని వెనక నిలబడి, చెప్పేదాకా వదలకుండా అడిగి తెలుసుకున్నాను. అసేన్ బస్సు నడుపుతాడు. మంచివాడే, కాకపోతే మనిషి మొత్తం ఎర్ర జట్టుకి రాసిచ్చేశాడు. రాజధానిలోని రెండు ఫుట్‌బాల్ జట్లలో ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. మా బల్గేరియాలో సగం ఇళ్ళలో పెళ్ళి సంబంధానికి ముందు ఈ సంగతే అడుగుతారు. ఈ ఇంట్లో తువ్వాలు ఎరుపు, టీ కప్పు ఎరుపు, చెప్పులు ఎరుపు. కంప్యూటర్ కొన్నది కూడా ఎర్ర జట్టు ఆటలు దాచుకోవడానికే.

దింకా అడగ్గానే అసేన్ తల గోక్కున్నాడు. "అత్తా, శనివారం ఐదింటికే కదా మా వాళ్ళకీ నీలం వాళ్ళకీ ఆట! కంప్యూటర్ ఒకసారి ఒక్క ఛానలే పడుతుంది."

"ఆట మళ్ళీ వచ్చే ఏడూ ఉంటుంది. త్రేనా గొంతు ఉంటుందా?"

అతను ఎర్ర టీ కప్పు బల్ల మీద పెట్టాడు. "సరే. రికార్డు నీది. నేను ముందు గదిలో టీవీలో చూసుకుంటాను" అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను, అందుకే రాస్తున్నాను.

శనివారం దాకా ఆగితే ఏం తప్పు దొర్లుతుందో ఎవరికి తెలుసు? అదృష్టం కొద్దీ ఛానల్ వాళ్ళు రోజూ మధ్యాహ్నం వార్తలకి ముందు ఆ పాట ముక్క ఒకటి వేస్తున్నారు, శనివారం చూడండి అంటూ. మంగళవారం దాన్ని పట్టి చూశాం. త్రేనాని కూడా పిలిచాం. మెడకి చారల రుమాలు చుట్టుకుని, పొద్దుతిరుగుడు గింజల పొట్లం పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

అసేన్ మీట నొక్కాడు. తెర మీద కొండ, గొర్రె తోలు చొక్కాల ముసలాళ్ళు, నల్ల జుట్టుతో ఈ ఇద్దరూ. నోళ్ళు తెరిచారు. కర్ర్ర్ర్ మని స్పీకర్లు చిరిగిపోయినట్టు మోగాయి. లోపల గొంతులున్నాయి గానీ, ముళ్ళకంప మీద ఈడ్చినట్టున్నాయి.

"చూశావా అత్తా, కళామందిరం ఆవిడ చెప్పింది నిజమే" అన్నాడు అసేన్. "రెండు గొంతులూ పోట్లాడుకుంటున్నాయి. పాటే అలాంటిది."

దింకా నడుం మీద చేతులు పెట్టుకుంది. "అవును, అలాంటిదే! మా పాట గీరుకోవాలి. నువ్వు దాని జోలికి రాకు. ఇలాగే పట్టు, ఇలాగే దాచు!"

త్రేనా గింజ పొట్టు అరచేతిలోకి ఉమ్మి, చెయ్యి ఊపి దింకాని దగ్గరికి పిలిచింది. గుసగుసగా ఏదో అంది. దింకా మొహం మాడిపోయింది.

"ఏమంటోంది?" అన్నాను. నాకు ఆగదు కదా.

"ఇది మేం కాదట. ఎవరో ఏదో వేపుతున్నారట."

వేపుతున్నారు అన్న మాట నా చెవిలో అలా ఉండిపోయింది. సెప్టెంబరులో మా బ్లాకుల్లో వేపని ఇల్లు లేదు. చలికాలానికి సీసాల్లో పెట్టుకోవడానికి బాల్కనీల్లో కరెంటు కుంపట్లు పెట్టుకుని, పెద్ద ఎర్ర మిరపకాయలు ఒక్కొక్కటే దింపి కాలుస్తూ ఉంటాం. ఆ వాసనకి ఊరంతా ఆకలేస్తుంది. ఆ కుంపట్లు వెలిగితే మా ఇంట్లో బల్బే వణుకుతుంది. కంప్యూటర్ వణకదా?

బుధవారం పొద్దున్నే మెట్లన్నీ ఎక్కి దిగి తలుపు తలుపూ కొట్టాను. మధ్యాహ్నం వార్తలు అయ్యేదాకా ఎవరూ కుంపటి వెలిగించకూడదని చెప్పాను. నన్ను తిట్టని వాళ్ళు లేరు. పై అంతస్తు స్లావ్కా అయితే తలుపు సగమే తెరిచింది.

"నెవెనా వదినా, బుట్టెడు కాయలు కోసి పెట్టుకున్నాను. అవి మెత్తబడితే నువ్వొచ్చి తింటావా?"

"తింటాను. వెల్లుల్లి దంచి ఉంచు."

"దేనికి ఆపడం?"

"త్రేనా గొంతు పట్టుకోవాలి."

స్లావ్కా ఒక్క క్షణం నన్ను చూసి, లోపలికి వెళ్ళి ప్లగ్గు పీకేసింది. పీకుతూ కూడా తిడుతూనే ఉంది, అది వేరే సంగతి.

మధ్యాహ్నానికి బ్లాకు బ్లాకంతా చల్లారింది. త్రేనా కూడా వచ్చి కూర్చుంది. పాట ముక్క వచ్చింది. పట్టాం, విన్నాం. అదే కర్ర్ర్ర్. ఒక్క పిసరు తగ్గలేదు. కుంపట్ల పాపం ఏమీ లేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి "వెలిగించుకోండి!" అని అరిస్తే నాలుగు వైపుల నుంచీ వచ్చిన జవాబులు ఇక్కడ రాయను.

అప్పుడే నాకో ఆలోచన తట్టింది. పాటే అలాంటిదా, యంత్రం పాడా అని మనం వాదించుకుంటున్నాం. పాట కానిదాన్ని పట్టి చూస్తే తేలిపోదా?

"అసేన్, ఆ వాతావరణం చెప్పే అతన్ని పట్టు."

"అతను పాడతాడా పిన్నీ?"

"పట్టవయ్యా!"

పట్టాడు. వాతావరణం చెప్పే ఆయనది వెన్నలాంటి గొంతు. ఆడవాళ్ళందరికీ ఆయనంటే ఇష్టం, నాకు తప్ప. కంప్యూటర్‌లోంచి బయటికి వచ్చేసరికి ఆయన కూడా రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు, రేపు వాన పడుతుందని చెప్పాడు.

"అదీ! ఆయన ఒక్కడే కదా మాట్లాడుతున్నాడు, ఎవరితో గీరుకుంటున్నాడు?" అన్నాను. దింకా అల్లుడి వైపు తిరిగింది. అసేన్ ఎర్ర చెప్పుల వైపు చూసుకున్నాడు.

"కార్డు అమ్మినవాడికి ఫోన్ చెయ్యి."

"ఎందుకు పిన్నీ, నేనే చూస్తాగా. ఏదో సాఫ్ట్‌వేర్..."

రెండు రోజులుగా ఈ మగవాడు దుకాణానికి ఫోన్ చెయ్యడానికి ఎందుకు వెనకాడుతున్నాడా అని నాకు అనుమానమే. నేనే చేశాను. దుకాణం కుర్రాడు ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు. "అమ్మా, కార్డు నుంచి వచ్చే వైరు వెనక ఏ రంగు కన్నంలో పెట్టారు?"

ఫోన్ చెవికి పెట్టుకునే బల్ల కిందికి దూరాను. నా మోకాళ్ళ సంగతి దేవుడికెరుక. వెనక వరసగా కన్నాలున్నాయి. ఒకటి ఆకుపచ్చ, అందులో స్పీకర్ల వైరు. ఒకటి లేత ఎరుపు, అందులో కార్డు వైరు. పక్కనే నీలం కన్నం. దాని మీద ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. దెబ్బలకి వేసుకునేది!

"లేత ఎరుపులో ఉంది బాబూ. నీలందానికి ప్లాస్టరు వేసి ఉంది."

అవతల కుర్రాడు నవ్వాడు. "మీ ఇంట్లో ఎర్ర జట్టు వాళ్ళున్నారా అమ్మా?"

"ఉన్నాడు."

"నీలం అంటే పడక ఇలా చేసినవాళ్ళలో ఈ నెలలో ఇతను రెండోవాడు" అన్నాడు. ఆ తర్వాత విడమరిచి చెప్పాడు. లేత ఎరుపు కన్నం మైకు కోసమట. మైకు నుంచి వచ్చే శబ్దం పిసరంతే ఉంటుంది కాబట్టి అది ఏది వచ్చినా ఎన్నో రెట్లు పెంచేస్తుంది. కార్డు నుంచి వచ్చేదేమో ముందే పెద్ద శబ్దం. దాన్ని మళ్ళీ పెంచితే చిరిగిపోక ఏమవుతుంది? నీలంది ఇలాంటి పెద్ద శబ్దం కోసమే పెట్టారట. "ఇంకొకటమ్మా. రికార్డు చేసేటప్పుడు తెర మీద ఒక గీత పైకీ కిందికీ ఆడుతుంది. పక్కనున్న మీటని మౌస్‌తో జరిపి దాన్ని ఆకుపచ్చలో ఉంచాలి. ఎరుపులోకి వెళ్ళకూడదు. వెళితే ఒకసారి చిరిగింది మళ్ళీ అతకదు."

బల్ల కింద నుంచి బయటికి వచ్చాను. "అసేన్, ఆ గీత ఎక్కడుంచావు?"

"పైన. ఎర్రగా వెలుగుతుంటే జోరుగా ఉందనుకున్నాను."

దింకా నవ్వలేదు. నేను మాత్రం పొట్ట పట్టుకున్నాను. త్రేనాకి నవ్వొస్తే శబ్దం రాదు, భుజాలు ఊగుతాయి. చాలాసేపు ఊగాయి.

"నవ్వండి! మొదటి రోజు నీలంలో పెడితే మావాళ్ళు ఓడిపోయారు, తెలుసా? ప్లాస్టరు వేశాక ఒక్క ఆట ఓడలేదు!" అని అతను డ్యూటీకి వెళ్ళిపోయాడు.

గురువారం అతను బస్సులో ఉండగా దింకా బల్ల కిందికి వెళ్ళి ప్లాస్టరు పీకింది. వైరు నీలంలోకి మార్చింది. మధ్యాహ్నం పాట ముక్క వేళకి మౌస్ తనే పట్టుకుంది. ఇంతకు ముందు ఎప్పుడూ పట్టుకోలేదు. మొద్దుచేతుల్లో అది సబ్బులా జారిపోయింది. త్రేనా స్పీకర్ దగ్గరికి కుర్చీ జరుపుకుని కళ్ళు మూసుకుంది. పాట మొదలైంది. గీత ఎగిరి ఎరుపులోకి పోయింది. దింకా తెర వైపు చూడలేదు, త్రేనా చేతి వైపు చూసింది. అరచెయ్యి కిందికి నొక్కింది. దింకా దించింది. ఇంకా నొక్కింది. ఇంకా దించింది. చెయ్యి గాలిలో నిలిచింది, కొద్దిగా పైకి ఊగింది. దింకా కొద్దిగా ఎత్తింది. పిడికిలి బిగిసింది.

దింకా మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. నేనే మాట్లాడకుండా ఉన్నానంటే చూసుకోండి.

పట్టిందాన్ని మళ్ళీ విన్నాం. కర్ర్ మనడం పోయింది. త్రేనా గొంతు కొండమీది గాలిలా సూటిగా వచ్చింది. దాని పక్కనే, చెయ్యి పట్టనంత దగ్గరగా దింకా గొంతు. రెండూ కలవవు, విడిపోవు. ఒకదానికొకటి ఒరుసుకుని మధ్యలో మూడోది ఏదో గంటలా మోగుతుంది. మా కొండ ఊళ్ళలో పాట అంటే అదే. కలిసిపోతే దాన్ని మేము పాట అనం.

సాయంత్రం అసేన్ వచ్చి విని మొహం చిట్లించాడు. "కర్ర్ పోయింది గానీ ఇంకా ఏదో వణుకుతోంది. దీన్ని శుభ్రం చేసే మీట ఒకటుంది అత్తా, నొక్కనా?"

దింకా నోరు తెరిచేలోగా త్రేనా లేచింది. అతని చొక్కా పట్టుకుని కిందికి వంచి, చెవిలో చెప్పింది. ఈసారి నాకూ వినపడింది.

"మొన్నటిది మేం కాదు. ఇది మేమే. నొక్కావంటే వేళ్ళు విరుస్తా."

అసేన్ మీట నుంచి చెయ్యి తీసేశాడు. వైరు ఎక్కడుందో మాత్రం అతనికి అప్పుడు చెప్పలేదు. చెప్పాల్సిందేమో.

శనివారం నాలుగున్నరకే నేను పాలకూర, జున్ను పెట్టి చుట్టిన రొట్టె పళ్ళెంతో వెళ్ళాను. ఉత్త చేతులతో వెళితే ఏమైనా అడగడానికి మొహమాటం. త్రేనా అప్పటికే వచ్చి కూర్చుంది. ముందు గదిలో అసేన్ ఎర్ర కండువా వేసుకుని టీవీ ముందు ఉన్నాడు. ఐదుకి కొద్దిసేపు ఉందనగా దింకా ఒకసారి పట్టి చూద్దామని మీట నొక్కింది.

కర్ర్ర్ర్.

ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. దింకా బల్ల కిందికి వంగింది. వైరు లేత ఎరుపులో ఉంది. నీలం మీద కొత్త ప్లాస్టరు.

"అసేన్!"

అతను గుమ్మంలో నిలబడ్డాడు. అడగకముందే చేతులు జోడించాడు. "అత్తా, ఇవాళ ఒక్కరోజు! ఏదైనా అడుగు, చేస్తాను. రికార్డు నీకే ఇచ్చాను కదా? కానీ నా ఇంట్లో, ఇవాళ, ఈ ఆట నడుస్తుండగా, నీలంలో వైరు ఉండటానికి వీల్లేదు. పొద్దున గీత చాలా కిందికి దించి చూశాను. దాదాపు బాగానే ఉంది."

"దాదాపా?"

"కొంచెం గరగరలాడుతుంది, అంతే."

"అల్లుడూ, తప్పుకో."

"అత్తా, నీకర్థం కాదు..."

"నాకు అర్థం కానిది ఏముంది?" దింకా గొంతు పెరిగింది. కొలిమి హోరు మీద పెరిగే గొంతు అది. బ్లాకంతా విని ఉంటుంది. "క్రేన్ ఎక్కనివ్వనని ఒకడన్నాడు. పెళ్ళయింది, తిరనాళ్ళలో పాడటం మానేయమని నా మొగుడన్నాడు. నా గొంతు నాకివ్వనని కళామందిరం ఆవిడ అంది. ఇప్పుడు నీ వంతా? ఎర్రదో, నీలమో, నల్లదో, త్రేనా గొంతు ఎందులోంచి చక్కగా వస్తే అందులోంచి తెస్తాను. కావాలంటే నువ్వు వీధిలోకి పోయి నీ ఆట చూసుకో!"

అసేన్ గుమ్మంలోంచి కదలలేదు. దింకా వాదన పెట్టుకోలేదు. బల్లని కంప్యూటర్‌తో సహా రెండు చేతులతో గోడ నుంచి ఇటు లాగింది. ఆ వయసులో! కార్డు కదిలిపోతుందేమోనని నేను పెట్టెని పట్టుకున్నాను. వెనక్కి చెయ్యి పెట్టి, ప్లాస్టరు గోటితో చీల్చి, వైరు పీకి నీలంలోకి నొక్కింది. టిక్ మని చిన్న శబ్దం.

పక్క గదిలో టీవీలో ఆట మొదలైనట్టు జనం హోరెత్తారు. ఇక్కడ తెర మీద కొండ కనిపించింది.

గీత గురువారం పెట్టిన చోట లేదు. పొద్దున అసేన్ దాన్ని అడుగుకి దించేశాడు. దింకా మౌస్ అందుకుంది. త్రేనా కుర్చీలోంచి లేచి, కొలిమి దగ్గర నిలబడినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. పాటకి ముందు తిరనాళ్ళ పెద్ద ఎవరో ఉపన్యాసం ఇస్తున్నాడు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి, చాలాసేపు ఇచ్చాడు. త్రేనా చెయ్యి పైకి ఊగింది, ఇంకా ఊగింది. గీత ఎక్కింది. ఆకుపచ్చ చివర తగలగానే అరచెయ్యి బల్లపరుపుగా ఆగింది, జాగ్రత్త అన్నట్టు. ఉపన్యాసం అయిపోయింది. నల్ల జుట్టు త్రేనా తెర మీద ఊపిరి పీల్చింది. నెరిసిన జుట్టు త్రేనా ఇక్కడ అలాగే పీల్చింది, తనకి తెలియకుండానే. పిడికిలి బిగిసింది.

పాట ఉన్నంతసేపూ ఆ పిడికిలి విప్పలేదు.

గోల్ పడిందో ఏమో, పక్క గదిలో అసేన్ అరుపు వినపడలేదు. ఎందుకంటే అతను అక్కడ లేడు. ఇందాకటి గుమ్మంలోనే, కండువా చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని వింటున్నాడు.

అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి విన్నాం. చిరుగు లేదు, గరగర లేదు. త్రేనా రెండుసార్లు వినిపించుకుంది. ఆ తర్వాత రొట్టె ముక్క అందుకుని, ఉప్పు తక్కువైందని నాకు సైగ చేసింది.

ఆ రోజు ఎర్ర జట్టు ఓడింది. అసేన్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అయినా పాటని మూడు డిస్కుల మీదికి ఎక్కించి, ఎర్ర డబ్బాల్లో పెట్టి, ఒకటి త్రేనాకి, ఒకటి అత్తకి, ఒకటి నా గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడు. నేను అడగలేదు. అడుగుతానని అతనికి తెలుసు.

అక్టోబరులో మా ఊరి పండుగ వచ్చింది. మా బ్లాకు ముందున్న మైదానంలో కళామందిరం వాళ్ళు వేదిక కట్టారు. జ్లాత్కోవా మైకు ముందు నిలబడి, ఇప్పుడు మన జానపద సంపదని కొత్త అలంకారంతో వింటారు అంది. వయొలిన్లు మొదలయ్యాయి, డ్రమ్ములు మొదలయ్యాయి. ఎక్కడో అడుగున ఈ ఇద్దరి గొంతులూ దిండు కింద నొక్కినట్టు వినపడ్డాయి. గీరుడు నునుపుగా తుడిచేసి ఉంది.

బెంచీ మీద నా పక్కన కూర్చున్న దింకా లేచింది. త్రేనా పొట్లం మడిచి జేబులో పెట్టుకుని వెనకే వెళ్ళింది. నేనూ వెళ్ళాను, వెళ్ళకుండా ఎలా? బాల్కనీలో కరెంటు కుంపటి పక్కకి తోసి, దింకా స్పీకర్లని రెయిలింగ్ మీద మైదానం వైపు తిప్పి పెట్టింది. లోపల అసేన్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"వెయ్యనా అత్తా?"

"వెయ్యి!"

వేశాడు. మొదట కింద ఎవరూ పట్టించుకోలేదు. త్రేనా బాల్కనీ గుమ్మంలో నిలబడి, అసేన్‌కి కనపడేలా అరచెయ్యి పైకి ఊపింది. అతను పెంచాడు. కింద కొన్ని తలలు తిరిగాయి. ఇంకా ఊపింది. పై అంతస్తులో స్లావ్కా బాల్కనీలోకి వచ్చింది, చేతులకి మిరపకాయల మసితోనే. దింకా రెయిలింగ్ పట్టుకుని, స్పీకర్‌లోని త్రేనా గొంతు కింద తన గొంతు నిలబెట్టింది. ఇప్పటి గొంతు, ముసలి గొంతు. అది ఒరుసుకుంది, గంటలా మోగింది. వేదిక మీద జ్లాత్కోవా చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని మా బాల్కనీ వైపు చూసింది. ఆపమన్నట్టు చెయ్యి ఊపింది.

"ఆపమంటోందే!" అన్నాను త్రేనాతో.

త్రేనా నా వైపు చూడలేదు. అరచెయ్యి మళ్ళీ పైకి ఊపింది, ఆ తర్వాత మళ్ళీ. పిడికిలి మాత్రం ఆ రోజు బిగించలేదు.